తప్పు కూర

“ఈ కూర పొయ్యి మీద ఎవురు పెట్టినారు?”

యశోద సైకిలుకు స్టాండు కూడా వేయలేదు. హ్యాండిల్ వదిలేసి గుమ్మంలోకి దూకింది. వెనక సైకిలు దబ్బున పడింది. దానికి ముందు కట్టిన అట్టబోర్డు మట్టిలో బోర్లాపడింది. ‘తాండా ఆడబిడ్డ మీద చెయ్యెత్తొద్దు’ అని ఎర్రరంగుతో రాసిన బోర్డు అది. హిందూపురంలో సైకిల్ యాత్ర బయలుదేరినప్పటి నుంచి దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకుతూ వచ్చిన మనిషి, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

పొయ్యి దగ్గర తల్లి గంగులమ్మ బండ మీద ధనియాలు నూరుతోంది. పొయ్యి మీద కుండలో మాంసం కుతకుత ఉడుకుతోంది.

“అమ్మా, నిన్నే అడుగుతాండేది. ఇది యాడిది?”

“మీ నాయన తెచ్చినాడు.”

“యాడ్నుంచి తెచ్చినాడు?”

గంగులమ్మ నూరడం ఆపలేదు. మూలన గోడకు ఆనుకుని చెల్లెలు సంగీత కూర్చుని ఉంది. ఎడమ చేతికి పుత్తూరు కట్టు, మెడకు వేలాడదీసిన పాత చీర పేలిక. ఆ చేతిని జాకీరాడ్డుతో విరగ్గొట్టినవాడు దాని మొగుడు రవికుమార్. ధర్మవరం దగ్గరి తాండాలో అత్తగారింట్లో పడి ఉన్న పిల్లను యశోదే వెళ్ళి తీసుకొచ్చింది. ఈ సాయంత్రం పెనుకొండ బస్టాండు ముందర యాత్ర మీటింగు. అందులో సంగీత నిలబడి తన నోటితో తాను చెప్పాలి. యాత్రలో అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు.

“సంగీతా, నువ్వు చెప్పు. యాడి మాంసం ఇది?”

సంగీత గోడ వైపు చూసింది. “మా ఆయన మేకపోతును తోలుకొచ్చినాడంట. పొద్దున పెద్దనాయన ఇంటికాడ కోసినారు.”

యశోద కుండలోకి తొంగి చూసింది.

బోడిగుట్ట తాండాలో పుట్టినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకు చెప్పాలి. మొగుడు పెళ్ళాన్ని రక్తం వచ్చేటట్టు కొడితే, ఆ పెళ్ళాం పుట్టింటికి చేరితే, పెద్దలు కూర్చుని మొగుడికి తప్పు వేస్తారు. తప్పంటే ఒక మేకపోతు. దాన్ని కోసి తాండా అంతా పంచుకుంటారు. ఒక వాటా ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. ఆ తప్పు కూర వండుకుని, ఆ ఇంటివాళ్ళు పొద్దుగూకేలోగా తిన్నారంటే తగవు తెగినట్టే. పిల్ల మొగుడి వెంట పోవాల్సిందే. ఆ దెబ్బల మాట ఆ తర్వాత పోలీసుల దగ్గర ఎత్తకూడదు, మీటింగులో ఎత్తకూడదు, ఆఖరుకు బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ కూడా ఎత్తకూడదు. ఎత్తితే ఆ ఇంటికి వెలి. ఇష్టం లేనివాళ్ళు మాంసాన్ని పొయ్యి ఎక్కించకుండా తిప్పి పంపొచ్చునని కూడా కట్టుబాటు ఉంది. అట్లా పంపినవాళ్ళను ఎవరూ చూడలేదు. దెబ్బలు తినేది ఒకతె, కూర తినేది తాండా. ఎంత చక్కటి న్యాయమో చూడండి!

“వండినావు. వండేసినావు కదమ్మా! తిప్పి పంపేదానికి కూడా లేకుండా చేసినావు కదా!” అంది యశోద. “పచ్చి మాంసంగా ఉన్నెంతసేపూ మన చేతిలో ఉండాది. పొయ్యెక్కించినాక ఏం చెయ్యల్ల ఇప్పుడు?”

“అరవొద్దు. బయట మీ వాళ్ళు ఉండారు.”

గుమ్మం దగ్గర సుకన్య నిలబడి ఉంది. హిందూపురంలో ఎస్టీడీ బూత్ నడుపుకునే మనిషి. యాత్రకు మొదటి పేరు ఇచ్చింది ఆమే. మిగతా ఆడవాళ్ళు తాండా బడి వరండాలో సైకిళ్ళు ఆనించి, కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఈమె మాత్రం యశోద వెంట అన్నానికని వచ్చింది. లోపలికి రావాలో, బయటే ఆగాలో తెలియక కింద పడిన సైకిలును లేవనెత్తి, బోర్డు మీది మట్టి తుడుస్తూ ఉండిపోయింది.

“ఉండనీ. వాళ్ళూ విననీ,” అంది యశోద. “ఊరూరా తిరిగి, ఎండలో తొక్కి తొక్కి, తొడలు ఒరుసుకుపోయి, మైకు పట్టుకుని అరుస్తాండాం. ఎవురికోసం? లేపాక్షి పక్క తాండాలో ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మా ఇంట్లో మాత్రం నా కన్నతల్లి ధనియాలు నూరుతాండాది!”

గంగులమ్మ బండ మీది ముద్దను చేత్తో ఊడ్చి కుండలో వేసింది. గరిటెతో ఒక తిప్పు తిప్పింది. అంతే. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

“మాట్లాడవేం?”

“ఏం మాట్లాడల్ల?”

“నీకు తెలీదా ఇది తప్పు కూర అని? మొక్కు మాంసమని చెప్పి నాయన నిన్ను నమ్మించినాడా? అదన్నా చెప్పు. తెలీక వండినానని ఒక మాట చెప్పు. నేనే పోయి పెద్దనాయన కాళ్ళు పట్టుకుంటా.”

ఆ మాటకు గంగులమ్మ తలెత్తి కూతురి వైపు చూసింది.

అప్పుడే తిరుపాల్ నాయక్ వచ్చాడు. గడప అవతల కాళ్ళు కడుక్కుంటూ, లోపలి కేకలు విననట్టే చాలాసేపు కడుక్కున్నాడు. తాండాలో మంచివాడని పేరున్న మనిషి. నోరెత్తి ఒకరిని అనడు, అనిపించుకోడు. యశోదకు సైకిలు నేర్పింది ఆయనే. ఆడపిల్లకు సైకిలేమని తాండా నవ్వితే, సీటు పట్టుకుని వెనక పరుగెత్తుతూ, ‘నవ్వనీలే, నువ్వు ముందుకు చూడు’ అన్న నాయన. మొన్న హిందూపురంలో యాత్రకు జెండా ఊపింది కూడా ఆయనే. ఆ రోజు మెడలో బంతిపూల దండ వేస్తే సిగ్గుపడి తలవంచుకున్నాడు.

“నాయనా, మాంసం తెచ్చింది నువ్వేనా?”

“తెచ్చినా.”

“తెలిసే తెచ్చినావా?”

తిరుపాల్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “పెద్దలు కూచుని చెప్పినారు పాపా. పదిమంది మాట. కాదని ఎట్ల అంటా?”

“ఎట్లంటే? నోటితో! ‘నా బిడ్డ చెయ్యి ఇరిగిండాది, నేను పంపను’ అని నోటితో అనల్ల!”

“నీకేమమ్మా. అంగనవాడీ టీచరువు. పెనుకొండలో బాడుగిల్లు. నీ మొగుడు బెంగళూర్లో మేస్త్రీ పని. ఈ తాండాలో బతకల్సింది నేనూ మీ అమ్మా. వెలేస్తే బోరింగు కాడికి రానీరు. రేపు నేను చస్తే మోసేదానికి నలుగురు రారు.”

“నీ చావుకు నలుగురు మోయడానికి సంగీతను ఇప్పుడే చంపుతావా?”

“అట్ల మాట్లాడొద్దు!” తిరుపాల్ గొంతు లేచింది. లేచిన గొంతును తానే విని బెదిరినట్టు మళ్ళీ తగ్గించాడు. “రవి మారినాడు. పెద్దల ముందర ఒట్టేసినాడు. మొగుడూ పెళ్ళాలన్నాక ఒకమాట వస్తాది, పోతాది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని…”

“జాకీరాడ్డు ఒకమాటా నాయనా?”

తిరుపాల్ తువ్వాలు మళ్ళీ మొహానికి అద్దుకున్నాడు.

యశోద అగ్గిమీద గుగ్గిలమైంది. నోటికి ఎంత వస్తే అంతా అంది. “నేను ప్రతి తాండాలో ఏం చెప్తాండానో తెలుసా నీకు? ‘మొగోళ్ళందరూ ఒకటి కాదు. మా నాయన మా అమ్మ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. సుగాలోళ్ళ ఇళ్ళల్లో అట్లాంటి మనిషి కూడా ఉండాడు, చూడండి’ అని మైకులో చెప్తాండా. హిందూపురంలో నీ మెడలో దండేసింది దానికే! అట్లాంటి నువ్వు, కంచే చేను మేసినట్టు…”

“సాల్లే!”

ఆ కేక వేసింది గంగులమ్మ. గరిటెను కుండ అంచుకు కొట్టి లేచి నిలబడింది. చేతులకు ధనియాల పొడి, కళ్ళకు పొగ.

“నాకు తెలీక వండినా అని చెప్పమంటివే? తెలిసే వండినా. వాసన కూడా చూడబళ్ళేదు, మోదుగాకులో కట్టిన కట్టు చూస్తానే తెలిసింది. తెలీక పోయేదానికి నేనేమన్నా కొత్తగా చూస్తాండానా? మూడు తూర్లు వచ్చింది మా అమ్మగారింటికి ఇది. మూడు తూర్లూ మా అమ్మ వండింది, నేను తిన్నా. కడుపు నిండా తిని, కొంగుతో మూతి తుడుచుకుని, ఈయప్ప వెనకాలే నడిచొచ్చినా.”

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

“ఈయప్ప అంటే…” అంది యశోద.

“మీ నాయనే. ఇంకెవురు? నాకు ఇద్దరు మొగుళ్ళు ఉండారా?”

తిరుపాల్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తువ్వాలు చేతిలో నలుగుతోంది. కాదని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని యశోద ఆశపడింది. అబద్ధమైనా సరే, గట్టిగా అరిచి కాదని ఉంటే, తను నాయన పక్షాన నిలబడి తల్లితో కొట్లాడేది.

“నువ్వు పుట్టకముందు ఒకతూరి,” గంగులమ్మ ఆగలేదు. “నువ్వు చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఒకతూరి. సంగీత కడుపులో ఉన్నప్పుడు ఒకతూరి. నీకు బుద్ధి తెలిసేతలికి మానేసినాడు. మానేసినాడు కాబట్టి మంచోడైపోయినాడు. నువ్వు మైకులో చెప్తివి, జనం చప్పట్లు కొట్టిరి. తాండాలో ఆడోళ్ళు వచ్చి నాతో చెప్పి నగినారు. నేనూ నగినా.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“తిన్నాక నోరెత్తగూడదు కదా.”

ఆ జవాబు ఎంత మామూలుగా చెప్పిందంటే, వాకిట్లో ఉన్న సుకన్య తలదించుకుంది.

యశోదకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తనకే తెలియలేదు. తల్లి మీద వచ్చింది, తండ్రి మీద వచ్చింది, ఆ బంతిపూల దండ మీద వచ్చింది, దాన్ని కొనుక్కొచ్చిన తన చేతుల మీద వచ్చింది. “మరి ఎందుకు వండినావు? ఇంత తెలిసి, ఇంత పడి, నీ బిడ్డకు కూడా ఎందుకు వండినావు?”

గంగులమ్మ తన అరచేతులు చూసుకుంది. “మీ నాయన తెచ్చి ఈడ పెట్టినాడు. నేను కుండ కడిగినా. ఎప్పుడూ అంతే కదే. నువ్వొచ్చి అరిచేదాకా వండుతాండాననే నాకు తోచలేదు.”

మూలన సంగీత ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, భుజాలు కూడా కదలకుండా ఏడవడం ఆ పిల్ల అత్తగారింట్లో నేర్చుకుంది.

బయట దగ్గు వినబడింది. తాండా నాయకుడు హనుమంతు నాయక్. తిరుపాల్‌కు వరసకు అన్న, పిల్లలకు పెద్దనాయన. తెల్లపంచె, భుజాన కండువా. వెనకాలే రవికుమార్. తాండా మొగదల వాడు నడిపే లారీ నిలబడి ఉంది. పెళ్ళాన్ని తీసుకుపోవడానికి లారీ తెచ్చుకున్నాడు మహానుభావుడు.

హనుమంతు సుకన్యను ఎగాదిగా చూసి, లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ముందు సుగాలి మాటల్లో మొదలుపెట్టాడు, పరాయి మనిషికి అర్థం కాకూడదని.

“తెలుగులో చెప్పు పెద్దనాయనా,” అంది యశోద. “ఆమెకూ అర్థం కానీ. దాచుకునేంత గొప్ప మాట ఏముండాది?”

“చెప్తా. నాకేం భయం? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పాపా. ఇంట్లో కాపురం నిలబెట్టుకోల్యాక రోడ్లమీద సైకిళ్ళు తొక్కితే ఎవురు మెచ్చుకుంటారు? పదిమందీ కూచున్నాం, తప్పేసినాం. ఎదవ తప్పు కట్టినాడు. అయిపోయింది. పొద్దుగూకేలోగా పిల్లను పంపించండి. తిన్నారా?”

తిరుపాల్ పొయ్యి వైపు చూశాడు.

“తిరుపాలా, తిన్నారా అని అడుగుతాండా.”

“తిన్లేదు,” అంది గంగులమ్మ.

హనుమంతు ఆశ్చర్యపోయాడు. మొగవాళ్ళ మాటల్లో గంగులమ్మ గొంతు కలపడం ఆయన ఇంతవరకు చూడలేదు. “తినకపోతే తినండి. కూర ఉడికింది కదా, వాసన వాకిలిదాకా వస్తాండాది. వండినాక తిప్పి పంపేది లేదు. ఇంటోళ్ళు ఒకరు ముట్టినా చాలు.”

“మేం ముట్టం,” అంది యశోద.

“ముట్టకపోతే వెలి. నీ ఒక్కదానికే కాదు, ఈ ఇంటికి. మీ సైకిళ్ళ గుంపులో మన తాండా ఆడోళ్ళు ముగ్గురు ఉండారు కదా, వాళ్ళు కూడా నీ పక్కన నడవగూడదు. నడిస్తే వాళ్ళిళ్ళకూ అదే. ఆలోచన చేసుకో.”

రవికుమార్ గడపమీద ఒక కాలు పెట్టి నవ్వాడు. “వదినా, నీ మీటింగుకు నా పెళ్ళామే దొరికిందా? ఆమె చెయ్యి చూపించి నువ్వు పేరు తెచ్చుకుందామనా? పేపర్లో బొమ్మ కోసమా? సంగీతా, లే. మూట కట్టుకో.”

అందరూ సంగీత వైపు చూశారు.

సంగీత లేవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, మొగుణ్ణి కాదు, నాయకుణ్ణి చూసింది. “పెద్దనాయనా, మేక కాళ్ళు కూడా ఇరగ్గొట్టే కోసినారా?”

“ఏందే?”

“ఏంలేదు. అడిగినా. నేను తినను. నేను పోను.”

ఇంత పొడుగు మాట సంగీత నోటినుంచి వచ్చి ఎన్ని రోజులైందో! యశోద పోయి చెల్లెలి పక్కన నిలబడింది. గంగులమ్మ పొయ్యి దగ్గర నుంచి కదిలి, ఇద్దరు కూతుళ్ళ ముందుకు వచ్చింది. ముగ్గురు ఆడవాళ్ళు ఒక మూల, ఇద్దరు మొగవాళ్ళు ఒక పక్క. మధ్యలో తిరుపాల్.

హనుమంతు మంచం మీద నుంచి లేవలేదు, గొంతు పెంచలేదు. “తిరుపాలా,” అన్నాడు. “ఈ ఇంటికి మొగోడివి నువ్వు. నీ మాట చెప్పు.”

“నాయనా, వద్దు,” అంది యశోద. ఏం వద్దో తెలిసి కాదు. ఆయన మొహం చూసి అంది.

తిరుపాల్ ఎవరి వైపూ చూడలేదు. మెల్లగా పొయ్యి దగ్గరికి నడిచి గొంతుక్కూర్చున్నాడు. గరిటె పక్కనే ఉన్నా అందుకోలేదు. చెయ్యి కుండలో పెట్టాడు. వేడికి వేళ్ళు వెనక్కి లాక్కుని, మళ్ళీ పెట్టాడు. ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కన్నబిడ్డల ముందర, కట్టుకున్నదాని ముందర, ఇంటికొచ్చిన పరాయి మనిషి ముందర మెల్లగా నమిలి మింగాడు.

“తిన్నా,” అన్నాడు.

“అయిపోయింది,” అంటూ హనుమంతు కండువా దులుపుకుని లేచాడు. “తగవు తెగింది. రవీ, పెళ్ళాన్ని పిల్చుకపో.”

రవికుమార్ రెండో కాలు కూడా లోపల పెట్టాడు. యశోద సంగీతకు అడ్డం వచ్చింది. వాకిట్లోంచి సుకన్య బడి వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి ఆడవాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

గంగులమ్మ మాత్రం తొందరపడలేదు. కొంగు చేతికి చుట్టుకుని కుండను దించింది. దించి, మసులుతున్న కూరనంతా పొయ్యిలో కుమ్మరించింది. భగ్గున పొగ లేచింది. బూడిద, మసాలా, మాంసం కలిసిన కంపు ఇల్లంతా కమ్మింది. రవికుమార్ దగ్గుతూ గడప బయటికి గెంతాడు.

“ఈ ఇంట్లో తిన్నోడు ఒక్కడే,” అంది గంగులమ్మ పొగలోంచి. “తిన్నోడే పోవల్ల కాపురానికి. పిల్చుకపో రవీ, మీ మామను లారీ ఎక్కించుకుని పో. నీళ్ళు మోస్తాడు, సంకటి కెలుకుతాడు. నీకు చెయ్యి దురద పుట్టినప్పుడు ఆయప్ప ఈపు ఉండనే ఉండాది.”

తిరుపాల్ పొయ్యి ముందే కూర్చుని ఉన్నాడు. కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఊదుకుంటున్నాడు. యశోదకు ఆ వేళ్ళ మీద జాలి కలిగింది. కలిగినందుకు ఒళ్ళుమండింది.

బడి వైపు నుంచి ఆడవాళ్ళు వచ్చేశారు. కొందరు సైకిళ్ళు నడిపించుకుంటూ, కొందరు చేతిలో అన్నం ముద్దతోనే. ఎవరూ ఏమీ అడగలేదు. సంగీత కట్టుకట్టిన చెయ్యి పొదివిపట్టుకుని గడప దాటింది. రవికుమార్ రెండడుగులు ముందుకు వేశాడు. వాడికీ, పెళ్ళానికీ మధ్య సైకిళ్ళు అడ్డంగా నిలబడ్డాయి. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

“వెలి!” వాకిట్లోకి వచ్చి అరిచాడు హనుమంతు, ఊరంతా వినేటట్టు. “తిరుపాల్ నాయక్ ఇంటికి వెలి! వాళ్ళతో నడిచినోళ్ళకూ వెలి!”

తాండా ఆడవాళ్ళు ముగ్గురిలో ఒకతె ఆగిపోయింది. ఆమె తప్పేమీ లేదు, ఇంట్లో పెళ్ళికెదిగిన కొడుకు ఉన్నాడు. మిగతా ఇద్దరూ తల తిప్పకుండా సైకిళ్ళు ఎక్కారు. సంగీత సుకన్య సైకిలు వెనక కూర్చుంది. యశోద తన సైకిలు ఎక్కబోతుంటే క్యారియరు మీద బరువు పడింది. తిరిగి చూస్తే గంగులమ్మ.

“పోనీ,” అంది.

తల్లీకూతుళ్ళు మట్టిబాట దాటి తారురోడ్డు ఎక్కారు. ముందు సైకిళ్ళు దూరంగా పోతున్నాయి. ఎదురుగాలి. రెండు పక్కలా వాన లేక వాడిన శెనక్కాయ చేలు. గంగులమ్మ ఒక చేత్తో సీటు పట్టుకుని, ఇంకో చేత్తో ఎగిరే కొంగు అణచుకుంటోంది. ఎప్పుడూ సైకిలెక్కని మనిషి, రాయి తగిలినప్పుడల్లా కూతురి నడుము పట్టుకుంటోంది. యశోద గుండె నిండిపోయింది. ఈ యాత్ర దేనికోసమో ఇప్పుడు తెలిసినట్టనిపించింది.

“యశోదా, పెనుకొండలో మైకు ఎంతసేపు ఇస్తారు మనిషికి?”

“ఎంతసేపైనా ఇస్తారమ్మా. మాట్లాడతావా? సంగీత సంగతి నువ్వు చెప్తావా?”

“దాని సంగతి అది చెప్పుకుంటాది. దానికి నోరొచ్చింది. నా సంగతి నేను చెప్పుకుంటా.”

“నీ సంగతి అంటే?”

“మూడు తూర్లు కూర తిన్న సంగతి.”

యశోద కాళ్ళు నెమ్మదించాయి. పెనుకొండ బస్టాండు కళ్ళ ముందు కనబడింది. తను ఏడేళ్ళుగా అంగనవాడీ నడుపుతున్న ఊరు. నాయనను ఎరిగిన అంగళ్ళవాళ్ళు, పిల్లల తల్లులు, హిందూపురంలో దండ వేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు అంతా ఉంటారు. రేపు నాయన ఆ బజారులో ఉప్పు కొనుక్కోవడానికి నడిచిపోవాలి.

“అమ్మా,” అంది. “చెప్పు. చెప్పొద్దనను. కానీ… నాయన పేరు ఎత్తొద్దులే. ఎవురో ఒకామెకు జరిగిందని చెప్పు. ఎప్పుడో జరిగిపోయిందే కదా. మానేసినాడు కదా. ఈ వయసులో ఆయప్ప మొహం యాడ పెట్టుకోవల్ల?”

సైకిలు చైను చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

“దింపు,” అంది గంగులమ్మ.

“అమ్మా, నేను అట్లని కాదు…”

“దింపుతావా, దూకల్లా?”

యశోద బ్రేకు వేసింది. గంగులమ్మ దిగి, రోడ్డు మీద నిలబడి చీర సర్దుకుంది. కోపంగా కూడా లేదు ఆమె మొహం. ఇందాక పొయ్యి దగ్గర ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

“ఊరోళ్ళ మొగుళ్ళ పేర్లయితే మైకులో చెప్పొచ్చు. నీ నాయన పేరయితే మాత్రం ఎవురో ఒకామె. బాగుండాది. నోరెత్తొద్దని మీ పెద్దనాయన మేకను కోసి చెప్పినాడు, నువ్వు కొయ్యకుండా చెప్తాండావు.”

ఆమె పెనుకొండ వైపు తిరిగి నడక మొదలుపెట్టింది. రోడ్డు అంచున, ఎండలో, చెప్పులు లేని కాళ్ళతో.

యశోద హ్యాండిల్ పట్టుకుని అక్కడే నిలబడింది. నాలుగు తొక్కులు తొక్కితే తల్లిని అందుకోవచ్చు. “ఎక్కమ్మా” అని పిలవాలంటే ముందు ఇంకొక మాట చెప్పాలి. ‘నాయన పేరు చెప్పు’ అనాలి. ఆ మాట ఎంత లాగినా గొంతులోంచి పైకి రావడం లేదు.